బరువు బుల్లెట్‌కి ఏ బ్యారెల్? 77 గ్రెయిన్లు అట్టకి అడ్డంగా తగులుతున్నాయి

కొర్లగుంట కుర్రోడు | జనవరి 9, రాత్రి 10:20
అందరికీ నమస్కారం. మాది తిరుపతి కొర్లగుంట, ఉద్యోగం డాలస్ దగ్గర. పండక్కి ఇంటికొచ్చాను, నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను. అక్కడ నా దగ్గర .223 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వారం వారం రేంజ్‌కి వెళ్లి అట్ట మీద కాల్చుకోవడమే, వేట గీట లేదు.

55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్లని తూచే చిన్న కొలత) బుల్లెట్‌తో 100 గజాల్లో ఐదు దెబ్బలూ రూపాయి బిళ్ల కింద దాగిపోతాయి. 300 గజాల్లో గాలికి కొట్టుకుపోతున్నాయని 77 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ల డబ్బా తెచ్చాను. ఫ్యాక్టరీ రౌండ్లే, నేను నింపినవి కావు. 100 గజాల్లోనే అట్ట మీద చిల్లులు గుండ్రంగా లేవు, తాళం చెవి దూరే కంతలా పొడుగ్గా పడ్డాయి. రెండైతే అట్టకే తగల్లేదు. అమ్మినాయన బ్యారెల్ 1:9 అని చెప్పాడు. ఇక లాభం లేదు, 1:7 బ్యారెల్ ఆర్డర్ పెట్టేద్దామని ఉంది. మామూలుగా దొరికేవాటిలో ఎక్కువ తిప్పేది అదే కదా, ఏ బుల్లెట్ వేసినా నడుస్తుంది. ఏమంటారు?

పుత్తూరు శీను | జనవరి 9, రాత్రి 10:41
స్కోప్ బిగింపులు చూశావా అన్నా? నాకైతే అదే అనుమానం.

కొర్లగుంట కుర్రోడు | జనవరి 9, రాత్రి 10:48
స్కోప్ వదులైతే దెబ్బలు పక్కకి పోతాయి గానీ చిల్లు అడ్డంగా ఎందుకు పడుతుంది శీనూ? అదే స్కోప్‌తో 55 బాగానే పడుతున్నాయి.

చిత్తూరు మామ | జనవరి 10, ఉదయం 5:55
అబ్బోడా, ఆ చిల్లుని కీహోల్ అంటారు. బుల్లెట్ మూతితో పోకుండా పల్టీలు కొడతా పోయిందన్నమాట. స్కోప్ తప్పు కాదు, తూటాలోని మందు తప్పు కాదు. నీ బ్యారెల్ దాన్ని చాలినంత తిప్పలేదు.

నేను పట్టాలంలో ఈఎంఈలో (యంత్రాలు, ఆయుధాలు బాగుచేసే విభాగం) ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా, చేసి రిటైరైనవాణ్ణి. కొత్త బ్యారెల్ సంగతి తర్వాత, ముందు ఒక మాట చెప్పు. 1:9 అని అమ్మినాయన చెప్పాడు సరే, నువ్వు కొలిచావా?

కొర్లగుంట కుర్రోడు | జనవరి 10, ఉదయం 8:10
లేదు మామా. బ్యారెల్ మీద ఏ అంకె లేదు. ఇంట్లో కొలవొచ్చా దాన్ని?

చిత్తూరు మామ | జనవరి 10, ఉదయం 8:32
ఐదు నిమిషాల పని. రైఫిల్ ఖాళీగా ఉందని రెండు సార్లు చూసుకో, బోల్ట్ తీసి పక్కన పెట్టు. క్లీనింగ్ రాడ్ పిడి గుండ్రంగా తిరిగేదై ఉండాలి. కొనకి చిందీ బిగుతుగా చుట్టి చాంబర్ వైపు నుంచి బ్యారెల్లోకి తొయ్యి. బిగుతు దొరికినాక రాడ్ మీద పైన ఒక గీత పెట్టు, బ్యారెల్ వెనక అంచుకి సరిగ్గా ఇంకో గీత. ఇప్పుడు మెల్లగా తోస్తా పో. బ్యారెల్ లోపలి మెలిక గాళ్ల వెంబడి రాడ్ తనంతట తానే తిరుగుతుంది. పైన పెట్టిన గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి పోయిందో అదే నీ ట్విస్ట్. తొమ్మిది అంగుళాలైతే 1:9. మూడు సార్లు కొలువు, ఒక్కోసారి చిందీ జారుతుంది.

(చిందీ అంటే బ్యారెల్ తుడిచే గుడ్డ పేలిక. పట్టాలంలో అందరం అట్లే అంటాం.)

పీలేరు ప్రసాద్ | జనవరి 10, ఉదయం 11:05
నేను ఫీనిక్స్‌లో ఉంటాను. నాది నిజంగా 1:9, కొలిచిన అంకె. 77 గ్రెయిన్లు చక్కగా గుండ్రంగా పడతాయి. కాబట్టి 1:9 చాలదు అనే మాట నేను ఒప్పుకోను. తమ్ముడి బ్యారెల్లో వేరే తేడా ఏదో ఉంది.

పుత్తూరు శీను | జనవరి 10, ఉదయం 11:30
అసలు ఈ 1:9, 1:7 అంటే ఏందో నాబోటోళ్లకి ఎవరైనా చెప్పండప్పా. నాకు తుపాకీ అంటే తిరునాళ్లలో బెలూన్లు కొట్టేదే.

చిత్తూరు మామ | జనవరి 10, మధ్యాహ్నం 2:15
బొంగరం ఆడావు కదా శీనూ. జాటీ చుట్టి గట్టిగా లాగి వేస్తే నిటారుగా నిలబడుతుంది. నీరసంగా వేస్తే తల ఊపుతా పోయి పడిపోతుంది. బుల్లెట్‌దీ అదే కథ. బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాళ్లు ఉంటాయి, అవే జాటీ. 1:9 అంటే తొమ్మిది అంగుళాలు పోయేసరికి ఒక చుట్టు తిప్పుతుంది. 1:7 అంటే ఏడంగుళాలకే తిప్పుతుంది. అంకె చిన్నదయ్యే కొద్దీ తిప్పుడు ఎక్కువ.

పొట్టి బొంగరం కొంచెం తిప్పినా నిలుస్తుంది. పొడుగుది కావాలంటే ఇంకా గట్టిగా తిప్పాలి. ఇక్కడే అందరూ పొరపడేది. బుల్లెట్ బరువు చూసి ట్విస్ట్ ఎంచుకోవాలని అనుకుంటారు. బ్యారెల్ అడిగేది బరువు కాదు, పొడవు. బేనీషా కాయ ఒకటి, తోతాపురి కాయ ఒకటి తక్కెట్లో సమానంగా తూగేవి తీసుకో. బేనీషా పొట్టిగా గుండ్రంగా ఉంటుంది, తోతాపురి ముక్కు బయటికొచ్చి పొడుగ్గా ఉంటుంది. తూకం ఒకటే, రెండూ ఒకేలా తిరుగుతాయా?

మా కాలపు త్రీ నాట్ త్రీ చూడండి. దాని మార్క్ 7 బుల్లెట్ 174 గ్రెయిన్లు. లోపల ముందు భాగంలో సీసం ఉండదు, అల్యూమినియం ముక్కో చెక్క గుజ్జో పెట్టి ఉంటారు. తేలిక సరుకు కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగయింది. బ్యారెల్ పదంగుళాలకి ఒక చుట్టు, అదీ ఎడమ చేతి వైపు.

అలిపిరి మెట్టు | జనవరి 10, మధ్యాహ్నం 3:40
మామ చెప్పినదానికి అంకెలు చేరుస్తాను. నేను లెక్కల లెక్చరర్‌ని, తుపాకీ ముట్టింది లేదు గానీ సూత్రం అంటే ఊరుకోలేను.

1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఒక సులువు లెక్క ఇచ్చాడు. బుల్లెట్ వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని వర్గం చేయండి, 150తో గుణించండి, బుల్లెట్ పొడవుతో భాగించండి. వచ్చేదే ట్విస్ట్, అంగుళాల్లో. సెకనుకు 2,800 అడుగులు దాటిన వేగాలకి 150 బదులు 180 వేస్తారు. .223 బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళం. 55 గ్రెయిన్లది సుమారు 0.74 అంగుళం పొడవు, వేగం ఎక్కువ కాబట్టి 180 వేస్తే 12 వస్తుంది. 77 గ్రెయిన్లది దాదాపు ఒక అంగుళం. దాని వేగం 2,800 లోపే, 150 వేస్తే ఏడున్నర పైచిలుకు.

గ్రీన్‌హిల్ లెక్క సీసపు గుండ్ల కాలంది, కాస్త అతి జాగ్రత్త మనిషి. ఇప్పుడు ఎక్కువగా వాడేది మిల్లర్ సూత్రం. అది బరువునీ పొడవునీ రెండింటినీ తీసుకుని స్థిరత్వానికి ఒక అంకె ఇస్తుంది. 1 కంటే తక్కువైతే బుల్లెట్ పల్టీ కొడుతుంది, 1.5 ఉంటే నిశ్చింత. 77 గ్రెయిన్లకి, 2,800 అడుగుల వేగానికి వేసి చూశాను: 1:12 బ్యారెల్లో 0.78, 1:9లో 1.38, 1:8లో 1.75, 1:7లో 2.29.

ప్రసాద్ గారూ, మీ మాట తప్పు కాదు. 1.38 అంటే నడుస్తుంది, గట్టు మీద నడిచినట్టు. పైగా ఫీనిక్స్ ఎండకి గాలి పలచన, పలచని గాలిలో బుల్లెట్ తేలిగ్గా నిలుస్తుంది. అదే బ్యారెల్ మంచు కురిసే చోటికి తీసుకెళ్తే చిక్కటి చల్ల గాలికి ఆ అంకె ఇంకా దిగుతుంది.

కుర్రోడా, 0.78 అంకె చూశాక నాకో అనుమానం. నీది 1:9 అయి ఉండదు.

చిత్తూరు మామ | జనవరి 10, సాయంత్రం 4:05
లెక్చరర్ గారి అనుమానమే నాదీ. చలి సంగతికి ఇంకో ముచ్చట. అమెరికా వాళ్ల ఎం16 మొదట్లో 1:14తో వచ్చింది. గడ్డకట్టే చలిలో పరీక్షిస్తే బుల్లెట్లు తడబడ్డాయి, 1963లో 1:12కి మార్చారు. తర్వాత 1980లలో ఎం16ఏ2కి ఏకంగా 1:7 పెట్టారు. ఎందుకంటే కొత్త ట్రేసర్ బుల్లెట్ (పోయే దారి కనిపించేలా వెనక మండుతా పోయేది) మరీ పొడుగు. మామూలు బుల్లెట్‌కి అంత అక్కర్లేదు, ట్రేసర్ కోసమే ఆ తిప్పుడంతా.

కొర్లగుంట కుర్రోడు | జనవరి 12, ఉదయం 7:25
డాలస్‌లో నా రూమ్మేట్‌కి వీడియో కాల్ చేసి కొలిపించాను. గన్ సేఫ్ తాళం వాడి దగ్గర కూడా ఉంది, ఇద్దరం కలిసే రేంజ్‌కి వెళ్తాం. మూడు సార్లు తోశాడు. 12, 11 ముప్పావు, 12.

1:9 కాదు, 1:12. రెండేళ్లుగా లేని అంకె పట్టుకుని తిరుగుతున్నా. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "నాకు అమ్మినవాడు అట్లే చెప్పాడు" అన్నాడు.

పీలేరు ప్రసాద్ | జనవరి 12, ఉదయం 9:00
హహ. సరే, నా మాట నిలబడింది, నీ బ్యారెల్ పడిపోయింది.

పుత్తూరు శీను | జనవరి 12, ఉదయం 9:12
అయితే 1:7 కొనేసెయ్ అన్నా, గొడవ వదిలిపోతుంది.

చిత్తూరు మామ | జనవరి 12, ఉదయం 10:30
ఆగండి. "ఎక్కువ తిప్పితే ఎప్పుడూ మంచిదే" అనే మాట దగ్గర నాకు పేచీ.

అల్లుడూ, నువ్వు కాల్చబోయే బుల్లెట్లలో అన్నిటికన్నా పొడుగుది ఏది? నిజంగా కాల్చేది చెప్పు, ఎప్పుడో ఏనాడో కాలుస్తానని ఊహించుకునేది కాదు. దానికి సరిపోయే ట్విస్ట్ తీసుకో, ఇంకొంచెం మిగులు ఉంచుకో. అంతకు మించి పోవద్దు. తిప్పుడు పెరిగే కొద్దీ బుల్లెట్‌లో ఉన్న చిన్న లోపాలు బయటపడతాయి. లోపల సీసం వెంట్రుకవాసి పక్కకి ఉన్నా ఎక్కువ తిప్పుడుకి అది మరింత పక్కకి ఈడుస్తుంది.

అలిపిరి మెట్టు | జనవరి 12, ఉదయం 11:15
సెకనుకు ఎన్ని అడుగులో ఆ వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 77 గ్రెయిన్లు 2,700 అడుగుల వేగంతో 1:8లో పోతే 2 లక్షల 43 వేల చుట్లు. 55 గ్రెయిన్లు 3,200 అడుగులతో 1:7లో పోతే 3 లక్షల 29 వేలు. మా ఇంట్లో ఫ్యాన్ ఐదులో పెట్టినా నిమిషానికి నాలుగు వందల చిల్లరే!

పీలేరు ప్రసాద్ | జనవరి 12, ఉదయం 11:40
ఆ 3 లక్షలు దాటిన దగ్గరే చిక్కు. పల్చటి రాగి తొడుగున్న తేలిక బుల్లెట్లు ఉంటాయి, చిన్న జంతువుల వేటకి చేసినవి. 1:7లో వేస్తే కొన్ని గాలిలోనే చిట్లిపోతాయి. అట్ట మీద చిల్లు పడదు, దారిలో బూడిద రంగు పొగ గీత కనిపిస్తుంది. నా పక్క లేన్‌లో ఒకాయనకి జరిగింది. తాను గురి తప్పాననుకుని డబ్బా మొత్తం కాల్చేశాడు పాపం.

మందం తొడుగున్న మామూలు 55లకి ఆ భయం లేదు.

కొర్లగుంట కుర్రోడు | జనవరి 12, మధ్యాహ్నం 1:20
నిజం చెప్పాలంటే 77 తప్ప ఇంకేమీ అనుకోలేదు. మహా అయితే 80. 90 గ్రెయిన్లవి 600 గజాలు, ఆ పైన కాల్చేవాళ్లకి అంటున్నారు, మా రేంజ్ 300 తోనే ఆఖరు. ఇంకో సందేహం. రాగి బుల్లెట్లు, సీసం లేనివి ఉంటాయి కదా, వాటికి?

అలిపిరి మెట్టు | జనవరి 12, మధ్యాహ్నం 1:50
రాగి సీసం కంటే తేలిక. కాబట్టి అదే బరువుకి ఇంకా పొడుగవుతుంది. 70 గ్రెయిన్ల రాగి బుల్లెట్ ఒకటి చూశాను, పొడవు 77 గ్రెయిన్ల సీసం దానికన్నా ఎక్కువ. డబ్బా మీద బరువు చూసి మోసపోయేది ఇక్కడే. 80 గ్రెయిన్లకి 1:8లో మిల్లర్ అంకె 1.49 వచ్చింది. అంటే 1:8 నీకు సరిగ్గా సరిపోతుంది.

ఎన్‌సీసీ పాప | జనవరి 12, సాయంత్రం 6:30
మామయ్య గారూ, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మాకు క్యాంపులో .22 రైఫిల్ ఇస్తారు. దానికీ ఈ గొడవ ఉంటుందా? నాకు ఇంట్లో .177 ఎయిర్ రైఫిల్ కూడా ఉంది. బరువు పెల్లెట్ వేస్తే బాగుంటుందని ఫ్రెండ్ అంటోంది.

చిత్తూరు మామ | జనవరి 12, సాయంత్రం 7:10
.22కి నువ్వు టెన్షన్ పడాల్సింది లేదమ్మా. 40 గ్రెయిన్ల బుల్లెట్, 1:16 బ్యారెల్, ఏళ్ల తరబడి కుదిరిన జోడీ అది. 60 గ్రెయిన్ల .22 రౌండ్లు కూడా బయట దేశాల్లో ఉన్నాయి, అవి 1:16లో వేస్తే మన కుర్రోడి కథే. నీకు క్యాంపులో ఇచ్చేవి అవి కావు.

ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సంగతి వేరు. దాన్ని చేతిలోకి తీసుకుని చూడు, బుడబుడక్కల వాడి చేతిలో బుడబుడకలా నడుము సన్నగా, వెనక గుల్లగా పావడాలా ఉంటుంది. షటిల్ కాక్ లాగా గాలే వెనక్కి పట్టి దాన్ని తిన్నగా నిలబెడుతుంది. తిప్పుడు కొంచెం చాలు. బరువు పెల్లెట్ వేస్తే పల్టీ కొట్టదు గానీ నిదానంగా పోయి కిందికి దిగుతుంది. పది మీటర్లకి నీకు తేలిక, మూతి చదునుగా ఉన్న మ్యాచ్ పెల్లెట్టే మంచిది. నడుము లేకుండా బుల్లెట్ ఆకారంలో ఉండే స్లగ్స్ మాత్రం నీ రైఫిల్‌కి వద్దు, వాటికి మళ్లీ ట్విస్ట్ చూసుకోవాలి.

రేణిగుంట లేత్ | జనవరి 13, ఉదయం 9:45
నేను బోరు మోటారు షాఫ్టులు తిప్పేవాణ్ణి, తుపాకుల పని చేయను. కానీ ఆ గాళ్లు ఎట్లా వేస్తారో చదివాను, చెప్పకుండా ఉండలేక పోతున్నా. ఒక పద్ధతిలో కొక్కెం లాంటి చిన్న కట్టర్ ఒక్కో గాడిని వెంట్రుకవాసి చొప్పున గీస్తా పోతుంది. బ్యారెల్ ఒకటి పూర్తి కావడానికి గంటలు పడుతుంది. ఇంకో పద్ధతిలో గట్టి కార్బైడ్ బొత్తాన్ని బోరులో లాగేస్తారు, అది లోహాన్ని నొక్కి గాళ్లన్నీ ఒక్కసారే తెస్తుంది. మూడోది సుత్తులతో బయట నుంచి బాదడం, లోపల అచ్చు ఉంటుంది. బొత్తం పద్ధతిలో లాగేటప్పుడు కొంచెం జారితే 8 అన్నది ఎనిమిదింపావు కావచ్చు. రాసిన అంకె ఒకటి, కొలిచిన అంకె ఒకటి అయ్యేది అట్లా కూడా.

పుత్తూరు శీను | జనవరి 13, ఉదయం 10:02
లేతన్నా, అయితే మన రేణిగుంటలోనే ఒకటి చేసి ఇచ్చేస్తే పోలా, డాలస్ దాకా ఎందుకు!

నిర్వాహకుడు | జనవరి 13, ఉదయం 10:20
శీనూ, నవ్వులాటకైనా ఆ మాట ఇక్కడ వద్దు. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అంటే దాని భాగాలు కూడా. లైసెన్స్ లేకుండా మన దగ్గర బ్యారెల్ చేయడం, మార్చడం, కొనడం అన్నీ నేరమే. టెక్సాస్‌లో బ్యారెల్ మామూలు విడి భాగం, పోస్టులో ఇంటికి వస్తుంది. ఆ ఊరి పద్ధతి చూసి ఇక్కడ ఎవరూ ప్రయత్నించకండి. కుర్రోడు గారూ, తిరుగు ప్రయాణంలో బ్యాగ్ జేబులన్నీ ఒకసారి దులపండి. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగ్‌తోనే విమానం ఎక్కి, మూల మర్చిపోయిన ఒక్క రౌండ్‌తో ఎయిర్‌పోర్టులో ఇరుక్కునేవాళ్లు ఉంటారు. ఎన్‌సీసీ పాపా, నీ ఎయిర్ రైఫిల్ .177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నంత వరకే లైసెన్స్ అక్కర్లేనిది.

రేణిగుంట లేత్ | జనవరి 13, ఉదయం 10:31
నేను షాఫ్టులే తిప్పుకుంటా సామీ.

పీలేరు ప్రసాద్ | జనవరి 13, రాత్రి 9:50
బ్యారెల్ ఆర్డర్ పెట్టేముందు చాంబర్ సంగతి అడుగు తమ్ముడూ, ట్విస్ట్ ఒక్కటే చూస్తే సగం పనే. చాంబర్ ముందు గాళ్లు మొదలయ్యే లోపు కొంచెం ఖాళీ జాగా ఉంటుంది, థ్రోట్ అంటారు. అది పొట్టిగా ఉంటే పొడుగు బుల్లెట్‌ని తూటా డొల్లలోకి లోతుగా దించాలి, అప్పుడు మందుకి జాగా తగ్గుతుంది. వైల్డ్ అని ఒక చాంబర్ ఉంది, .223 కీ 5.56 (దాదాపు అదే కొలత ఉన్న పట్టాలం తూటా) కీ మధ్యస్తంగా, పొడుగు బుల్లెట్లకి అనువుగా కోసింది. నాది అదే. 77లు మ్యాగజైన్లో పట్టేలా చేసినవి కాబట్టి బాధ లేదు. 80లని సరైన పొడవులో అమరిస్తే మామూలు మ్యాగజైన్లో పట్టవు, ఒక్కోటి చేత్తో పెట్టుకోవాలి.

బ్యారెల్ ఉక్కు స్టెయిన్‌లెస్సా, క్రోమ్‌మోలీయా అని బుర్ర పాడు చేసుకోకు. అట్ట మీద కాల్చుకునేవాడికి స్టెయిన్‌లెస్ చాలు.

కొర్లగుంట కుర్రోడు | జనవరి 14, ఉదయం 6:40
భోగి మంట దగ్గర కూర్చుని మా నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన అంతా విని "బొంగరాలకి ఇంత డబ్బా" అన్నారు.

1:8, 24 అంగుళాలు, వైల్డ్ చాంబర్, స్టెయిన్‌లెస్. ఆర్డర్ పెట్టాను. బిగించడానికి అక్కడి గన్‌స్మిత్ ఆరు వారాలు అన్నాడు. మామా, ఒక్క అనుమానం మిగిలింది. 100 గజాల్లో నిలబడ్డ బుల్లెట్ 300లో తడబడుతుందా?

చిత్తూరు మామ | జనవరి 14, ఉదయం 7:15
తడబడదు. ముందుకు పోయే వేగం గాలికి తొందరగా తగ్గుతుంది, తిప్పుడు మాత్రం నెమ్మదిగా తగ్గుతుంది. అందుకని దూరం పోయే కొద్దీ నిలకడ పెరుగుతుందే గానీ తగ్గదు. వేగం పడిపోయి ధ్వని వేగం దగ్గరికి వచ్చినప్పుడే మళ్లీ చిక్కు. నీ 77లు 300 గజాల్లో ఆ దరిదాపుల్లోకి రావు. పండగ చేసుకోపో. మీ నాన్నని అడిగినట్టు చెప్పు.

కొర్లగుంట కుర్రోడు | మార్చి 8, రాత్రి 11:30
బ్యారెల్ బిగించి ఇచ్చారు. కాల్చేముందు రాడ్ పెట్టి కొలిచాను మామా. ఎనిమిదిన్నర వచ్చింది! మళ్లీ ఎవడో మోసం చేశాడని గుండె జారింది.

చిత్తూరు మామ | మార్చి 9, ఉదయం 5:50
కొత్త బ్యారెల్, లోపల నూనె ఉంటుంది. తుడిచి, ఇంకో పొర చిందీ చుట్టి తొయ్యి.

కొర్లగుంట కుర్రోడు | మార్చి 9, రాత్రి 9:15
తుడిచాక మూడు సార్లు తోశాను. 8, 8, ఎనిమిదికి ఒక నూలు తక్కువ. ఈ రోజు రేంజ్‌కి వెళ్లాను. 77లు 100 గజాల్లో పదికి పది గుండ్రటి చిల్లులు. 300లో గాలి బాగా ఉంది, అయినా ఐదూ అరచేతిలో పట్టాయి. 80లు ప్రసాదన్న చెప్పినట్టే మ్యాగజైన్లో పట్టలేదు, ఒక్కోటి పెట్టుకుని కాల్చాను.

చిత్తూరు మామ | మార్చి 10, ఉదయం 6:05
55లు ఎట్లా పడ్డాయి?

కొర్లగుంట కుర్రోడు | మార్చి 10, ఉదయం 8:20
పాత బ్యారెల్లో రూపాయి బిళ్ల, ఇందులో ఐదు రూపాయల బిళ్ల. కొంచెం విడిపోయాయి, అంతే. పాత బ్యారెల్ అమ్మేస్తున్నాను. మీద టేపు అంటించి 1:12 అని రాశాను, కొలిచి మరీ.